నాన్న పేరు పక్కన రాసిన మాట

నా చిన్నప్పుడు మా ఇంటికి వచ్చే ఉత్తరాలు చదివే పని నాది. తొమ్మిదేళ్ళ పిల్లకు అంత పెద్ద పని ఎందుకు పడిందంటే, ఇంట్లో అందరికంటే నాకే జర్మన్ బాగా వచ్చు. నాన్నకు ఆఫీసులో పనంతా ఇంగ్లీషులోనే సాగేది. సాయంత్రం క్లాసులకు వెళ్ళి ఆయన నేర్చుకున్న జర్మన్ రొట్టెల దుకాణానికీ డాక్టరు దగ్గరికీ సరిపోయేది. అమ్మకు వింటే అర్థమయ్యేది గానీ చదవాలంటే భయం. నేను కిటాలో, అంటే ఇక్కడి పసిపిల్లల బడిలో చేరినప్పటి నుంచీ ఆ భాషలోనే పెరిగాను. అద్దె పెంచుతున్నామనో, చెత్త తీసుకెళ్ళే రోజు మారిందనో, మీటరు చూడటానికి మనిషి వస్తున్నాడనో ఏ కాగితం వచ్చినా అమ్మ వంటింట్లోంచి నన్ను పిలిచేది. నేను నిలబడి, గొంతు సవరించుకుని చదివి, తెలుగులో చెప్పేదాన్ని. ఆ పనంటే నాకు చెప్పలేనంత గర్వం.

మేముండే వాల్డార్ఫ్ జర్మనీలో పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉన్న ఊరు. నాన్న అందులోనే పనిచేసేవాడు. మూడంతస్తుల భవనంలో రెండో అంతస్తు మాది. వెనక కార్లు నిలిపే స్థలం, దాని కంచె దాటితే స్పార్గెల్ అనే తెల్లటి కూరకాడలు పండించే ఇసుక పొలాలు. నేను చెప్పబోయేది అరవై ఏళ్ళ కిందట కరోనా వచ్చిన మొదటి వసంతం సంగతి. ఇప్పటి పిల్లలు దాన్ని పాఠంలో చదువుకుంటున్నారు. పాఠంలో జబ్బు గురించీ టీకాల గురించీ ఉంటుంది గానీ, ఇళ్ళల్లో మనుషులు ఎలా తిరిగేవారో ఉండదు. మా ఇంట్లో అందరూ తిరుగుతూనే ఉండేవారు. బడి మూసేశారు. ఆటస్థలం చుట్టూ ఎరుపు తెలుపు చారల టేపు కట్టేశారు. నాన్న పడకగదిలో ఫోనులో మాట్లాడుతూ కిటికీ నుంచి తలుపు దాకా, తలుపు నుంచి కిటికీ దాకా నడిచేవాడు. అమ్మ బియ్యం డబ్బా మూత తీసి చూసి, పెట్టేసి, కాసేపటికి మళ్ళీ వచ్చి చూసేది. తాతయ్య హాల్లో అడుగులు లెక్కపెట్టుకుంటూ గోడ నుంచి గోడకు నడిచేవారు.

తాతయ్య అంటే అమ్మ వాళ్ళ నాన్న. మూడు నెలలు మా దగ్గర ఉండి వెళ్దామని వచ్చారు. ఇంకో వారంలో ప్రయాణం అనగా విమానాలు ఆగిపోయాయి. వీసా పొడిగించుకోవాలంటే టెర్మిన్ కావాలి, అంటే రమ్మని వాళ్ళు ముందుగా ఇచ్చే సమయం. ఆ టెర్మిన్ ఇచ్చే ఆఫీసు మూసి ఉంది. ఆయన అమలాపురం కోర్టులో బెంచి క్లర్కుగా పనిచేసి రిటైరయ్యారు. జడ్జిగారి బల్ల పక్కన కూర్చుని కేసులు పిలిపించడం, కాగితాలు అందించడం, ముద్దాయి మీద పెట్టిన అభియోగాన్ని అతనికి అర్థమయ్యేలా తెలుగులో చదివి వినిపించడం ఆయన పని. ముప్పై ఏళ్ళకు పైగా మనుషుల మధ్య కూర్చున్న మనిషి. ఆ మూడు గదుల్లో చిక్కుకుపోయి, మాట్లాడటానికి నన్ను మించి ఎవరూ దొరక్క, నేను ఎక్కడ కూర్చుంటే అక్కడికి వచ్చి కూర్చునేవారు.

ఒక శనివారం పొద్దున వాన కురిసి వెలిసింది. ఇంట్లో కూర్చోలేక నేను నా రోలర్ తీసుకుని కిందికి దిగాను. రోలర్ అంటే నిలబడి కాలితో తోసుకుంటూ పోయే రెండు చక్రాల బండి. నీలం రంగుది. పార్కింగ్‌లో పిల్లలు ఆడరాదని గోడ మీద బోర్డు ఉంది. ఆటస్థలానికి టేపు కట్టారు కాబట్టి ఆ బోర్డు నాకు వర్తించదని నేనే అనుకున్నాను. రెండు చుట్లు బాగానే తిరిగాను. మూడో చుట్టులో తడి నేల మీద చక్రం జారింది. కింది అంతస్తు పెద్దావిడ వెండిరంగు కారుకు రాసుకుంటూ పడ్డాను. హ్యాండిల్ చివర రబ్బరు ఊడిపోయి ఇనుము బయటికి ఉండేది. అది కారు తలుపు పొడుగునా గీసుకుంటూ పోయింది. గీత పక్కనే నా బండి నీలం రంగు అంటుకుంది. చొక్కా చేతిని ఉమ్మితో తడిపి రుద్దాను. పోలేదు. చుట్టూ చూశాను, ఎవరూ లేరు. రోలర్‌ను నేలమాళిగలో మా సామాన్ల గదిలో పెట్టేసి పైకి వచ్చేశాను.

ఎవరికీ చెప్పలేదు. మొదటి రోజు చెబుదామనుకున్నాను. రెండో రోజు, నిన్న చెప్పలేదు కదా, ఇవాళ చెబితే నిన్న ఎందుకు చెప్పలేదంటారని భయం వేసింది. మూడో రోజుకు ఆ భయం రెండింతలైంది. మంగళవారం కిటికీలోంచి చూస్తే పెద్దావిడ మాస్కు పెట్టుకుని కారు పక్కన వంగి ఆ గీతను వేలితో తడుముతోంది. ఫోనుతో ఫోటోలు తీసింది. తర్వాత లేచి పక్కనున్న మా కారు వైపు చూసింది. మా కారు ముదురు నీలం. దాని ముందు మూలన, ఎప్పుడో దుకాణం స్తంభానికి నాన్న తగిలించుకున్న పాత గీత ఒకటి ఉండేది. ఆవిడ దాన్ని కూడా ఫోటో తీసింది. నేను కర్టెను వేసేశాను.

ఆ తర్వాత మూడు వారాలు నేను ఎక్కడా కుదురుగా కూర్చోలేదు. మెట్ల మీద అడుగుల చప్పుడైతే లేచి బాత్రూంలోకి పోయేదాన్ని. టీచరు పంపిన కాగితాలు ముందు పెట్టుకుని ఒక్క లెక్కనే నాలుగు సార్లు చేసేదాన్ని. అమ్మ నుదుటి మీద చెయ్యి పెట్టి చూసేది. జ్వరం లేదని ఆమెకు ఊరట. ఆ రోజుల్లో జ్వరం కాకపోతే చాలు, ఇంకేదైనా ఫరవాలేదు.

బూడిదరంగు కవరు ఒక గురువారం వచ్చింది. పైన పోలీసుల ముద్ర ఉంది. నాన్న గదిలో మీటింగులో ఉన్నాడు. అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి, “చదువమ్మా,” అంది. నేను కవరు చించాను. నాన్న పేరు, మా చిరునామా, ఆ తర్వాత ఒక మాట. బెషుల్డిగ్టర్. దాని కింద మా వీధి పేరు, ఆ శనివారం తేదీ, వెండిరంగు కారు నంబరు.

అంతకుముందెప్పుడూ ఆ మాట నేను చదవలేదు. కానీ అందులో షుల్డ్ అనే మాట నాకు తెలుసు. బడిలో ఎవరైనా ఎవరినైనా తోస్తే, షుల్డ్ ఎవరిదని టీచరు అడిగేది. అమ్మ నా ముఖంలోకి చూస్తోంది. “నాన్న తప్పు చేశాడని రాశారు,” అన్నాను. “పక్క కారుకు గుద్ది చెప్పకుండా వెళ్ళిపోయాడని.”

అమ్మ అక్కడే కుర్చీలో కూర్చుండిపోయింది. పొయ్యి మీద పప్పు అడుగంటిన వాసన వచ్చేదాకా లేవలేదు.

మీటింగు అయ్యాక నాన్న వచ్చి ఆ మాటను ఫోనులో కొట్టి చూశాడు. ఇంగ్లీషులో అక్యూజ్డ్ అని వచ్చింది. దానికీ దీనికీ తేడా ఏముందని అమ్మ అడిగింది. పోలీసులు ఊరికే రాస్తారా అని కూడా అంది. అప్పుడు తన గొంతులో కోపం కంటే ఏడుపు ఎక్కువ ఉంది. నాన్న స్నేహితుడికి ఫోను చేశాడు. ఈ దేశంలో కారుకు తగిలించి చెప్పకుండా వెళ్ళిపోవడం జరిమానాతో పోయే పొరపాటు కాదనీ, నేరమనీ, లైసెన్సు కూడా పోవచ్చనీ, వకీలును పెట్టుకునేదాకా నోరు విప్పవద్దనీ ఆయన చెప్పాడు. అంతకంటే పెద్ద దిగులు ఇంకోటి ఉంది. ఇక్కడే స్థిరంగా ఉండటానికి నాన్న పెట్టుకున్న దరఖాస్తుకు నాలుగు నెలలు ఎదురు చూశాక టెర్మిన్ దొరికింది. మీ మీద ఏదైనా నేర విచారణ నడుస్తోందా అని ఆ ఫారంలో ఒక ప్రశ్న ఉంది. ఇంతకాలం లేదు అని రాసి పెట్టుకున్నాడు. ఇప్పుడు ఆ గడిలో ఏం రాయాలి?

ఆ రాత్రి నుంచి నాన్న మారిపోయాడు. భోజనాల బల్ల మీద అగ్గిపెట్టెను, ఉప్పు డబ్బాను పక్కపక్కన పెట్టి, ఒకదాన్ని వెనక్కి లాగి, తిప్పి, ముందుకు జరిపేవాడు. ఆ శనివారం నేను కారు తీశానా అని అమ్మను అడిగేవాడు. కూరలకు వెళ్ళావు కదా అని అమ్మ అనేది. ఎన్నింటికి వచ్చాను అనేవాడు. మళ్ళీ అగ్గిపెట్టె తిప్పేవాడు. నేను గుమ్మంలో నిలబడి చూసేదాన్ని. ఒక్క మాట చెబితే ఆ అగ్గిపెట్టె ఆగిపోతుందని నాకు తెలుసు. ఆ ఒక్క మాటే నోట్లోంచి రాలేదు.

మర్నాడు మధ్యాహ్నం తాతయ్య వచ్చి నా పక్కన కూర్చున్నారు. నేను బడి కోసం రంగు కాగితాలు అతికిస్తున్నాను. ఆయన కాసేపు చూసి, ఉత్తరంలో ఉన్న ఆ మాట ఇంకోసారి చెప్పమన్నారు. చెప్పాను. ఆయన దాన్ని నోట్లో తిప్పుకుని, అది ఒక్క మాటలా లేదనీ, రెండు మూడు ముక్కలు కలిపినట్టుందనీ అన్నారు. షుల్డ్ అంటే తప్పు అని చెప్పాను. మరి ముందున్న ‘బె’ ఏమిటని అడిగారు.

దానికి అర్థం లేదన్నాను. అర్థం లేనిదాన్ని ఎవరూ ముందు పెట్టరు అన్నారు తాతయ్య. ఇలాంటివి ఇంకేమైనా ఉన్నాయా అని అడిగారు. నా చేతిలో జిగురు గొట్టం ఉంది కనుక నాకు వెంటనే తట్టింది. క్లేబెన్ అంటే అంటించడం. బెక్లేబెన్ అంటే ఒక వస్తువు మీద కాగితాలు అంటించి కప్పేయడం. మాలెన్ అంటే రంగు వేయడం, బెమాలెన్ అంటే గోడ మీదో డబ్బా మీదో రంగు పులిమేయడం. చెబుతూ చెబుతూ ఉండగానే నాకు అర్థమైంది. తాతయ్యకు కూడా అర్థమైందని ఆయన కళ్ళు చెప్పాయి.

ఆయన నా దగ్గర పసుపు కాగితం ముక్క తీసుకుని, కళ్ళజోడు సవరించుకుని, దాని మీద ‘తప్పు’ అని గుండ్రంగా రాశారు. వెనక జిగురు రాసి తన చొక్కా జేబు మీద అంటించుకున్నారు.

“ఇప్పుడు నేను తప్పు చేసినోణ్ణా అమ్మలూ?” అని అడిగారు.

కాదన్నాను. ఎలా చెప్పగలవన్నారు. నువ్వే అంటించుకున్నావు, నేను చూశాను కదా అన్నాను.

“నువ్వు చూశావు. చూడనివాళ్ళ మాటేంటి?”

నేను తల దించుకుని కత్తెర కోసం వెతికాను. కత్తెర నా ఎదురుగానే ఉంది.

ఆయన ఇంకేమీ అడగలేదు. తన కోర్టు మాటల గురించి చెప్పడం మొదలుపెట్టారు. ఆరోపణ అనే మాటలో రోపణం అంటే నాటడమట. నారు నాటినట్టు ఒక మనిషి మీద ఒక మాటను నాటుతారు. అభియోగంలో యోగం అంటే జత చేయడం. జరిగిన పనినీ ఒక మనిషినీ తెచ్చి జత చేస్తారు. నాటింది బతకొచ్చు, చావొచ్చు. జత కుదరొచ్చు, కుదరకపోవచ్చు. అది తేల్చడానికే కోర్టు. ఇవన్నీ చెప్పి, వీటన్నిటికంటే విచిత్రమైనది ముద్దాయి అన్నారు. అది అరబ్బీ నుంచి వచ్చిన మాట. అక్కడ దానికి దావా వేసినవాడని అర్థం. మన పాత కాగితాల్లోనూ అలాగే ఉండేదని ఆయన గురువు, ముసలి గుమాస్తా ఒకాయన, చూపించారట. వేలు చూపించేవాడి పేరు అది. మన దగ్గరికి వచ్చి ఏ కచేరీ గుమ్మంలోనో తారుమారై, ఎవరి వైపు వేలు చూపిస్తారో వాడి పేరైపోయింది. ఎప్పుడు మారిందో, ఎవరు మార్చారో ఎవరికీ తెలియదట. “ఒక్క మాటే ఇటు నుంచి అటు పోయింది. మనుషులు పోవడానికెంత సేపు?” అన్నారు.

పసుపు కాగితం ఆయన తీయలేదు. టీ తాగేటప్పుడు, హాల్లో నడిచేటప్పుడు, సాయంత్రం నాన్న గదిలోంచి బయటికి వచ్చినప్పుడు కూడా అది జేబు మీదే ఉంది. అమ్మ అదేంటి నాన్నా అంటే, మనవరాలితో ఆటలే అన్నారు. నాన్న దాన్ని చదివాడు. కొంచెం సేపు అక్కడే నిలబడి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయాడు. నాకు ఆ కాగితం ఎటు తిరిగినా కనబడేది.

ఆదివారం భోజనాలయ్యాక తాతయ్య ఉత్తరం తీసుకురమ్మన్నారు. నాన్నను, అమ్మను కూర్చోమన్నారు. అగ్గిపెట్టె, ఉప్పు డబ్బా ఇంకా బల్ల మీదే ఉన్నాయి.

“అల్లుడుగారూ, ఈ ఉత్తరం ఇప్పటిదాకా ఎవరూ సాంతం చదవలేదండి. ఒక్క మాట పట్టుకుని నాలుగు రోజులై కుమిలిపోతన్నాం. అభియోగం ఎవరి మీదో ఆ మనిషికి, ఆయనకి అర్థమయ్యే భాషలో, మొదలు నించి చివరిదాకా చదివి వినిపించాలి. నా ఉద్యోగంలో అదే చేశాను. ఇక్కడ ఆ భాష వచ్చింది దీనికే,” అని నా చేతికి కాగితం ఇచ్చారు. “తొందర లేదమ్మలూ. అందులో ఉన్నదే చెప్పు. ఎక్కువొద్దు, తక్కువొద్దు.”

నేను నిలబడ్డాను. ఈసారి గొంతు సవరించుకోలేదు. ఒక వాక్యం జర్మన్‌లో చదివి తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. ఫలానా తేదీ, ఫలానా వీధి వెనక పార్కింగ్ స్థలంలో, నిలిపి ఉన్న వెండిరంగు కారు తలుపుకు నష్టం కలిగించి, ఆ సంగతి యజమానికి తెలియజేయకుండా అక్కడి నుంచి వెళ్ళిపోయినట్టు మీ మీద ఆరోపణ ఉంది. తప్పు అనలేదు నేను. ఆరోపణ అన్నాను. రెండు రోజుల క్రితం నేర్చుకున్న మాట.

ఆ వాక్యం పూర్తయ్యాక నాకు ఒక సంగతి తెలిసింది. అందులో తేదీ నిజం. చోటు నిజం. తలుపు నిజం, తెలియజేయకుండా వెళ్ళిపోవడం నిజం. పేరు ఒక్కటే తప్పు. పోలీసులు నేను చేసిన పనిని పూస గుచ్చినట్టు రాసి పంపారు, పైన నాన్న పేరు పెట్టారు.

కింద ఇంకో వాక్యం ఉంది. దీని గురించి మీరు చెప్పదలచుకున్నది చెప్పవచ్చు, ఏమీ చెప్పకుండా ఉండే హక్కు కూడా మీకు ఉంది. అదీ చదివాను. తాతయ్య కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు. కోర్టులో అభియోగం చదివాక ఆయన అలాగే కూర్చునేవారట, ముద్దాయి నోరు తెరిచేదాకా. నాన్న బల్ల వైపు చూస్తున్నాడు. ఆయన చెయ్యి అగ్గిపెట్టె మీదికి పోయింది.

“ఇష్ వార్స్,” అన్నాను.

నాన్న తలెత్తాడు. ఆయనకు అర్థమైంది. తాతయ్య కళ్ళు తెరిచి, “నాకు ఆ భాష రాదు కదమ్మలూ. నాక్కూడా తెలియాలి,” అన్నారు మెల్లగా.

“నేనే గీశాను. రోలర్‌తో. నాన్న కాదు,” అన్నాను. అప్పుడు ఏడుపు వచ్చింది.

నాన్న కొడతాడనుకున్నాను. ఆయన ఎప్పుడూ నన్ను కొట్టలేదు, ఆ రోజు కొట్టినా న్యాయమే అనిపించింది. ఆయన లేచి బాల్కనీలోకి వెళ్ళి, కడ్డీ పట్టుకుని, పొలాల వైపు చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. తిరిగి వచ్చి నా ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

“నేనే చేసి మర్చిపోయానేమో అనుకున్నాను తల్లీ,” అన్నాడు. “నిన్నటికి దాదాపు నమ్మేశాను కూడా.”

ఆ మాట దెబ్బ కంటే గట్టిగా తగిలింది. చేయని పనిని చేశానేమోనని ఒక పెద్ద మనిషి నాలుగు రోజులు తన జ్ఞాపకాన్నే వెతుక్కున్నాడు. వెతుకుతుంటే నేను గుమ్మంలో నిలబడి చూశాను.

అమ్మ మాత్రం నాతో రెండు రోజులు మాట్లాడలేదు. ఆమె కోపం గీత మీద కాదు, నేను దాచిన ఆ మూడు వారాల మీద. 

ఆ సాయంత్రమే నాన్న, నేను మాస్కులు పెట్టుకుని కింది అంతస్తుకు వెళ్ళాం. నాన్న బెల్లు కొట్టి, నన్ను పట్టుకుని నాలుగు మెట్లు వెనక్కి జరిగాడు. పెద్దావిడ తలుపు కొంచెమే తెరిచింది. నేను చెప్పాను. ఆవిడ చివరిదాకా వింది. నవ్వలేదు, తిట్టలేదు. చేతికర్ర తీసుకుని వచ్చి, ఎక్కడ, ఎలా పడ్డానో చూపించమంది. రోలర్ తెచ్చి కారు పక్కన నిలబెట్టాను. హ్యాండిల్ చివరి ఇనుము సరిగ్గా ఆ గీత ఎత్తులోనే ఉంది. మా కారు మూల అంతకంటే జానెడు కింద ఉంది. ఆవిడ రెండింటినీ మార్చి మార్చి చూసింది.

తనకు ఊపిరితిత్తుల జబ్బు ఉందనీ, మామూలు రోజులైతే పైకి వచ్చి అడిగేదాన్ననీ, ఈ రోజుల్లో ఎవరి తలుపు దగ్గర నిలబడాలన్నా భయమనీ, అందుకే పోలీసులకు ఫోను చేశాననీ ఆవిడ నాన్నతో చెప్పింది. పక్కనున్న నీలం కారు ఎవరిదని వాళ్ళు అడిగితే చెప్పిందట. చూశానని చెప్పలేదు, ఎవరిదో చెప్పాను అంతే, అంది. అది చెబుతున్నప్పుడు ఆవిడ నాన్న కళ్ళలోకి చూడలేకపోయింది. తర్వాత నా వైపు తిరిగి అంది, “నువ్వు బెల్లు కొట్టి ఉండొచ్చు. నేనూ కొట్టి ఉండొచ్చు.”

ఆవిడ పోలీసులకు ఉత్తరం రాసింది. నాన్న కూడా రాశాడు. తలుపు బాగు చేయించే సంగతి మా ఇన్సూరెన్సు వాళ్ళు చూసుకున్నారు. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకు ఇక్కడ నేరం అంటదని అప్పుడే తెలిసింది. అయినా జవాబు రావడానికి ఆరు వారాలు పట్టింది. ఆ ఆరు వారాలూ టపా మనిషి సైకిలు గంట వినబడితే చాలు, ఇంట్లో నలుగురం తలుపు దగ్గరికి వచ్చేవాళ్ళం. నాన్న టెర్మిన్ వాయిదా వేయించుకున్నాడు. అమ్మ మళ్ళీ బియ్యం డబ్బా మూత తీసి పెట్టేది. నిజం చెప్పేశాక అంతా కుదుటపడుతుందని కథల్లో ఉంటుంది. మా ఇంట్లో అలా జరగలేదు.

నిజానికి నేను ఒప్పుకోకముందే తాతయ్యకు తెలుసా అన్నది నన్ను తొలిచేది. ఒకరోజు అడిగేశాను. “మూడు వారాలు నువ్వా బండి ముట్టుకోలేదు. బయటికి రమ్మంటే కాళ్ళ నొప్పి అనేదానివి. నాకు కళ్ళున్నాయి కదమ్మా,” అన్నారు. మరి నన్నే ఎందుకు అడగలేదన్నాను. అడిగితే నువ్వు కాదనేదానివి, కాదన్నాక ఆ కాదును కూడా మోయాల్సొచ్చేది అన్నారు.

చివరికి ఉత్తరం వచ్చింది. ఈసారి కొత్త మాట. ఐన్‌గెష్టెల్ట్. విచారణ ఆపేశామని దానర్థం. అమ్మ దండం పెట్టుకుంది. తాతయ్య మాత్రం ఇంకోసారి చదవమన్నారు. ఆపేశామంటున్నారు గానీ, ఈయన ఏ తప్పూ చేయలేదని అనడం లేదు కదా అని అడిగారు. లేదన్నాను. ఆయన లోపలికి వెళ్ళి ఆ పాత చొక్కా తెచ్చి చూపించారు. కాగితం ఎప్పుడో తీసేశారు. ఉతికినా జేబు మీద చదరంగా జిగురు మరక ఉంది. “ఇది కొన్నాళ్ళు ఉంటది,” అన్నారు. అలాగే ఉంది. నాన్నకు ఇక్కడే స్థిరంగా ఉండే కార్డు వచ్చింది, తర్వాత పాస్‌పోర్టు కూడా వచ్చింది. కానీ ఏ ఫారంలోనైనా విచారణ అన్న మాట కనబడితే ఆయన పెన్ను ఒక్క క్షణం ఆగేది. పక్కన కూర్చుని నేను ఎన్నో ఏళ్ళు అది చూశాను.

తాతయ్య ఆ వేసవి చివర్లో ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి వెళ్ళిన ఒక ప్రత్యేక విమానంలో వెళ్ళిపోయారు. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఫోనులో నన్ను కొత్త జర్మన్ మాట ఒకటి అడిగేవారు. ముక్కలు చేసి చెప్పమనేవారు. కోర్టులో పెట్టే అభియోగాన్ని ఆన్‌క్లాగె అంటారని నేను చెప్పిన రోజు ఆయన చాలా సంతోషించారు. క్లాగె అంటే మొర, ఏడుపు. మన ఫిర్యాదు కూడా అదేనమ్మా, పారసీలో మొర పెట్టుకోవడమే అన్నారు. ఎక్కడ చూసినా ముందు ఎవరో ఏడుస్తారు, తర్వాతే మిగతాదంతా అని ఆ రోజు ఫోను పెట్టేశారు.

ఆ ముక్కలు చేయడమే నాకు బతుకుతెరువైంది. కోర్టుల్లో దుబాసీగా నలభై ఏళ్ళు పనిచేశాను. భాష రాని మనుషుల పక్కన కూర్చుని, వాళ్ళ మీద రాసినదాన్ని వాళ్ళ తెలుగులో వాళ్ళకు చెప్పాను. చదువుకోవడానికి వచ్చి పోట్లాటలో ఇరుక్కున్న కుర్రాళ్ళు, దుకాణంలో చేతివాటం చూపించారని పట్టుబడ్డ ఇల్లాళ్ళు. అందరూ మొదట అడిగేది ఒకటే, నేను తప్పు చేశానని రాశారా అని. ఇంకా లేదమ్మా, నీ మీద అంటించారు, ఊడుతుందో లేదో చూడాలి అని చెప్పేదాన్ని. కొందరిది ఊడింది. కొందరిది ఊడలేదు, నిజంగానే వాళ్ళదే.

ఒక్క సంగతి మాత్రం ఇన్నేళ్ళయినా నాలో తేలలేదు. తాతయ్య అడగ్గానే బెక్లేబెన్, బెమాలెన్ అని టకటకా చెప్పిన పిల్లకు, ముందు రోజు అమ్మ అడిగినప్పుడు ఆ తేడా నిజంగా తెలియదా? నాన్న తప్పు చేశాడని రాశారు అని తెలియక అన్నానా, లేక అది నాన్నదై పోతే నాది కాకుండా పోతుందని అన్నానా? ఎన్నిసార్లు ఆ వంటింట్లోకి వెళ్ళి, ఆ కాగితం పట్టుకుని నిలబడి చూసినా జవాబు దొరకదు. తాతయ్య ఆ ప్రశ్న ఎప్పుడూ అడగలేదు. అడగకుండానే పోయారు.

అందుకే కోర్టులో అయినా ఇంట్లో అయినా, ఒకరి గురించి ఇంకొకరికి ఏదైనా చెప్పాల్సి వచ్చినప్పుడు నేను కొంచెం ఆగుతాను. మాట దొరక్క ఆగిందని జడ్జీలు అనుకునేవారు, ఇప్పుడు మనవలు అనుకుంటున్నారు. మాట నాకు దొరికే ఉంటుంది. దాన్ని తప్పుగా చెబితే నాకేమైనా ఊరట ఉందా అని ముందు నన్ను నేను అడుగుతాను.